ఎక్కుడుదారిని వెనుకకు జారెడు వ్యాను

ఇంటి యంత్రములను గూర్చి సోదరీమణులు పంపు ప్రశ్నలకు ఈ శీర్షిక క్రింద నెలనెలా సమాధానములు వ్రాయుచున్నాము. ఈ మాసమున వచ్చిన లేఖలలో ఒకటి పలువురకు పనికివచ్చునదిగా నున్నది. లేఖ వ్రాసిన సోదరి తమ కుటుంబపు ఆటోమేటిక్ వ్యానును స్వయముగా నడుపుదురు. తిరుమల కొండ యెక్కునపుడు ముందరి వాహనములు నిలిచిపోగా తామును నిలిపి, మరల కదల్చుటకు బ్రేకుమీది పాదమును తీసినంతనే బండి మూరెడు దూరము వెనుకకు జారినదట. వెనుక మోటారు సైకిలుపై దంపతులు బిడ్డతో నుండిరట. దైవకృప వలన ఎవరికిని దెబ్బ తగులలేదు. నాటినుండి ఇంటివారు “నీకు నడుపుట చేతగాదు” అనుచున్నారు. మరమ్మతుశాలవారు “గేరుపెట్టె విప్పవలెను” అనుచున్నారు. ఎవరి మాట నమ్మవలెనని ఆమె ప్రశ్న.

ఈ రెండు మాటలలో దేనినిగాని యిప్పుడే నమ్మవలసిన పనిలేదని మా మనవి. బండి ఏ జాతి ఆటోమేటిక్కో మొదట తెలిసికొనవలెను. పిదప కొన్ని చిన్న పరీక్షలు చేయవలెను. అటుపిమ్మటనే దోషము ఎచ్చట నున్నదో, డబ్బు ఖర్చు పెట్టవలెనో అక్కరలేదో తేలును.

బండి వెనుకకు జారుటకు మూలకారణము దాని బరువే. పది అడుగుల దూరమునకు ఒక అడుగు లేచు దారిపై నిలిచిన బండిని, దాని బరువులో ఇంచుమించు పదియవ వంతు బలము క్రిందికి లాగుచుండును. వ్యాను 2,000 కిలోలైనచో ఆ లాగుడు 200 కిలోలకు సమానము. అందు 60 కిలోల చొప్పున ఏడుగురు కూర్చుండిరేని మరి 42 కిలోలు చేరును. కావున ఖాళీగా నున్నపుడు కదలక నిలిచిన బండియే యింటిల్లపాది యెక్కినపుడు జారుటలో వింత యేమియు లేదు.

ఆటోమేటిక్ బండ్లన్నియు ఒక తీరువి కావు. మొదటి జాతి బండ్లలో ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ టార్క్ కన్వర్టరు అను పరికరముండును. జర్మనీ దేశపు ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల యంత్రములకొరకు ఈ పద్ధతికి పేటెంటు పొందెను. కుండలోని మజ్జిగను కవ్వముతో వడిగా చిలికినపుడు మజ్జిగ సుడి తిరిగి, దానిపై తేలు ఆకును గూడ త్రిప్పును గదా! ఇదియు నటువంటిదే. ఇంజనువైపు చక్రము నూనెను సుడి త్రిప్పగా, ఆ నూనె ఎదుటి చక్రమును త్రిప్పును. రెంటికిని గట్టి బంధము లేదు. ఆక్సిలరేటరు త్రొక్కనపుడు నూనె యిచ్చు తోపు స్వల్పము. సమతల భూమిపై ఆ తోపునకే బండి మెల్లగా ముందుకు ప్రాకును. కొద్దిపాటి వాలున నిలిచియుండును. నిండు బరువుతో నిటారు దారిపై నున్నపుడు చాలక, బండి మెల్లగా వెనుకకు జారును. ఇది దాని స్వభావమే కాని రోగము కాదు.

రెండవ జాతిని ఏ.ఎం.టి. అందురు. 2014లో సెలేరియో కారుతో మన దేశమున ప్రవేశించి, వెల తక్కువగుటచే వ్యాప్తి చెందినది. దీనిలో నుండునది మామూలు క్లచ్చియు, మామూలు గేరుపెట్టెయునే. క్లచ్చిని మన పాదమునకు బదులు ఒక చిన్న యంత్రము నడుపును. బ్రేకు త్రొక్కి నిలిపినపుడు క్లచ్చి విడిపోవును. పాదము తీసిన పిదప అది మరల అంటుకొనుటకు క్షణకాలము పట్టును. ఆ క్షణమున ఇంజను బండిని పట్టియుండదు గనుక ఏటవాలున జారుట సహజము. అట్లని బ్రేకు త్రొక్కక, ఆక్సిలరేటరుతోనే బండిని ఎక్కుడుదారిని నిలిపియుంచినచో క్లచ్చి వేడెక్కి కాలిపోవును. రెండు క్లచ్చులుండు బండ్లకును ఈ హెచ్చరిక వర్తించును. సి.వి.టి. బండ్లలో పెక్కింటికి టార్క్ కన్వర్టరే యుండును. మీ బండి ఏ జాతిదో దానితో నిచ్చిన పుస్తకమున వ్రాసియుండును.

ఈ జారుడును ఆపు ఉపాయము నేటిది కాదు. అమెరికాలో స్టూడిబేకర్ కార్లకు 1936లోనే అట్టి సాధనము నమర్చిరి. నేడు దానిని హిల్ హోల్డ్ అందురు. పాదము తీసిన పిమ్మట సుమారు రెండు సెకనులపాటు బ్రేకును అదియే పట్టియుంచును. అన్ని బండ్లకును ఇది యుండదు. ఉన్న బండి క్రొత్తగా జారుట మొదలుపెట్టినచో, ఎదుటి పలకపై హెచ్చరిక దీపమేదైన వెలుగుచున్నదేమో చూడవలెను. బ్రేకులకు సంబంధించిన దీపము వెలుగుచున్నపుడు ఈ సాధనము పనిచేయకపోవచ్చును.

ఇక పరీక్షలు. వీనిని కొండపై నెన్నడును చేయరాదు. ముందు వెనుకల ఎవరును లేని సమతల మైదానమున, బ్రేకుపై పాదము సిద్ధముగా నుంచుకొని చేయవలెను.

మొదటిది: గేరును “డి”లో నుంచి బ్రేకు మెల్లగా వదలుడు. టార్క్ కన్వర్టరు బండి తనంత ముందుకు ప్రాకవలెను. చదునుపైనను కదలనిచో దోషమున్నట్లే.

రెండవది: “ఎన్” నుండి “డి”కి మార్చినపుడు ఒకటి రెండు సెకనులలో గేరు అందుకొన్నట్లు తెలియవలెను. మూడు నాలుగు సెకనులు ఆలసించినచో నూనె తగ్గియుండవచ్చును, లేదా నూనె ఒత్తిడి చాలకుండవచ్చును.

మూడవది: ఉదయము చక్కగా లాగి, అరగంట నడిచి వేడెక్కిన తరువాత బలము తగ్గినచో నూనెనుగాని లోపలి భాగములనుగాని అనుమానింపవలెను.

నాలుగవది: ఇంజను హోరు పెరుగుచున్నను బండి వేగము పెరుగనిచో లోపల క్లచ్చి జారుచున్నదన్నమాట.

ఐదవది: నిలిచియున్నపుడు ఇంజను మందగించి వణకుచున్నచో తోపు తగ్గుటకు కారణము ఇంజనులోనే యుండవచ్చును. గాలి చొచ్చు మార్గమును శుభ్రపరచుటతో సరిపోవు పనికి గేరుపెట్టె విప్పనేల?

నూనెను గూర్చి ఒక మాట. గేరుపెట్టెలో నూనె తగ్గినచో ఆ లోపము మొదట కొండపైననే బయటపడును. బండి ముందుభాగము పైకి లేవగా నూనె వెనుకకు చేరును. పంపు నూనెకు బదులు గాలిని పీల్చును. కొలకడ్డీ యున్న బండ్లలో పుస్తకమున చెప్పిన తీరున కొలత చూడవలెను. పెక్కు బండ్లకు ఇంజను వేడెక్కి నడుచుచుండగా, కొన్నింటికి ఆపిన పిదప చూడవలసియుండును. క్రొత్త నూనె సాధారణముగా ఎఱ్ఱగా నుండును. నల్లబారి మాడు వాసన వచ్చినచో లోపల ఏదో కాలినట్లే. ఈ నూనె దీపపు నూనెవలె ఖర్చగునది కాదు. తగ్గినదన్నచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. కావున పోసి ఊరకుండరాదు, కారు చోటు వెదకింపవలెను. పుస్తకమున పేర్కొన్న రకము తప్ప మరి యొకటి పోయరాదు. కొలకడ్డీ లేని బండ్లను మరమ్మతుశాలలోనే చూపవలెను.

అచ్చటివారు గేరుపెట్టె విప్పుదుమన్నపుడు సోదరీమణులు సంకోచింపక మూడు ప్రశ్నలు వేయవలెను. నూనె కొలత, రంగు చూచితిరా? కంప్యూటరుతో బండిలోని దోషసంకేతములను చదివితిరా? ఏ భాగము చెడినదని ఏ పరీక్ష వలన తెలిసినది? సమాధానములను కాగితముపై వ్రాసియిమ్మని కోరుడు. నిజాయితీగల పనివారు ఇందుకు నొచ్చుకొనరు.

బండి నిర్దోషియైనను దారి నిటారుదే గదా! తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగుటకును, 1974లో ఏర్పడిన రెండవది ఎక్కుటకును ఉపయోగపడుచున్నవి. అట్టి దారులలో వాహనములు బారులు తీరినపుడు ముందరి బండికి ఎడముగా నిలుపవలెను. నిలిపిన వెంటనే చేతిబ్రేకు లాగవలెను. కదలునపుడు పాదమును బ్రేకునుండి ఆక్సిలరేటరుమీదికి మార్చి మెల్లగా త్రొక్కుచు, బండి ముందుకు లాగుచున్నట్లు తోచిన పిదపనే చేతిబ్రేకు దింపవలెను. ఈ యొక్క అలవాటు చాలును; ఏ జాతి బండియైనను జారదు. ఒకవేళ జారినచో తత్తరపడి గేరు మార్చరాదు. వెంటనే బ్రేకు త్రొక్కవలెను. ఇంజను ఆగిపోయినచో స్టీరింగు బరువెక్కును, బ్రేకు తేలికగా పడునది ఒకటి రెండు మారులే. కావున మాటిమాటికి త్రొక్కి వదలక, ఒక్కసారి గట్టిగా త్రొక్కి పట్టి, చేతిబ్రేకు లాగవలెను.

కొండపై బండిని విడిచి దిగునపుడు “పి” గేరునే నమ్మరాదు. అది బండి బరువునంతటిని ఒక చిన్న పంటిపై మోపును. బ్రేకు త్రొక్కియుండగనే “ఎన్”లో చేతిబ్రేకు లాగి, బరువు దానిపై నిలిచినదని చూచుకొని, ఆ తరువాత “పి”లో నుంచవలెను. చంటిబిడ్డలను బండిలో నొంటిగా విడువరాదు.

చక్రము క్రింద రాయి వేయుట మనవారి అలవాటు. అది మంచిదే, కాని జారుచున్న బండి వెనుకకు ఎవరును పోరాదు. బండి పూర్తిగా నిలిచిన పిదప ప్రక్కనుండియే వేయవలెను. బయలుదేరునపుడు ఆ రాతిని తీసి దారి ప్రక్కన పెట్టవలెను. మన చక్రమును ఆపిన రాయి చీకటిలో మరియొకరి ద్విచక్రవాహనమును పడద్రోయును. త్రాడు కట్టిన కొయ్యచీలిక నొకదానిని వ్యానులో నుంచుకొనుట మేలు.

లేఖ వ్రాసిన సోదరికి మా సమాధానమిది. అయిదు పరీక్షలలోను బండి నెగ్గి, నూనె సరిగా నున్నచో, గేరుపెట్టె విప్పింపవలదు. చేతిబ్రేకు పద్ధతిని ఖాళీ దారిపై కొద్దిపాటి వాలున పది దినములు సాధనచేసి, ఇంటివారిని నిస్సంకోచముగా కొండకు తీసికొని పొండు. పరీక్షలలో ఏదైన తప్పినచో, బాగుచేయించు వరకు ఘాట్ రోడ్డెక్కవలదు. ఇంటివారు నిందించినను దోషము మీ పాదమునందున్నదో, బండియందున్నదో పరీక్షించియే తేల్చుడు.

ఇట్టి విషయములను గూర్చి వ్రాయదలచువారు తమ బండి ఏ జాతిదో, ఎన్ని కిలోమీటర్లు నడిచినదో, లోపము చల్లగా నున్నపుడో వేడెక్కినపుడో కనబడుచున్నదో తెలిపినచో, సమాధానము వ్రాయుట మాకు సులభమగును.