గాయపడింది మనోభావాలు కాదు

ఒక వస్తువుకి పెట్టిన రెచ్చగొట్టే పేరు మీద మనం అభ్యంతరం చెప్పగానే రెండు గొంతులు లేస్తాయి. 'పేరే కదా, సరదాగా తీసుకోలేరా?' అని ఒకటి. 'మన సంస్కృతికి అవమానం, నిషేధించాలి' అని రెండోది. నాకు రెండూ పనికిరావు. రెండోది మనవైపే మాట్లాడుతున్నట్టుంటుంది కాబట్టి దానితో మరీ ప్రమాదం.

2022 జూన్ నాటి 'లేయర్ షాట్' బాడీ స్ప్రే ప్రకటన గుర్తుందా? దుకాణంలో ఒకమ్మాయి. వెనక నలుగురు కుర్రాళ్లు. మనం నలుగురం, ఉన్నది ఒక్కటే, మరి షాట్ ఎవరిది అని మాట్లాడుకుంటారు. ఆమె బెదిరి వెనక్కి తిరుగుతుంది. తీరా చూస్తే వాళ్ల మాటలు అరలో మిగిలిన సీసా గురించి! ఇక్కడ మనం నవ్వాలన్నమాట.

'షాట్' అన్న మాటలో తప్పేమీ లేదు. క్రికెట్లో, షూటింగుల్లో రోజూ వినేదే. కానీ ఈ జోకు పేలాలంటే ఆ అమ్మాయి మొహంలో భయం కనపడి తీరాలి. నలుగురు మగవాళ్లు వెనక నిలబడి 'ఒక్కటే ఉంది' అంటే ఆడదానికి ఏమనిపిస్తుందో రాసినవాళ్లకి బాగా తెలుసు. తెలియనివాళ్లు ఆ జోకు రాయలేరు. అందుకే 'సరదాకి' అన్న మాట నేను ఒప్పుకోను. అంతకు కొద్దిరోజుల ముందే, మే 28న, జూబ్లీహిల్స్‌లో ఒక మైనర్ బాలిక మీద కారులో సామూహిక అత్యాచారం జరిగిందన్న కేసు బయటికొచ్చింది. మా ఎర్రగడ్డ ఆ నియోజకవర్గంలోదే. ఆ వారమంతా మా అమ్మాయికి గంటకోసారి ఫోను చేస్తూనే ఉన్నాను.

మాట తనంతట తాను తిట్టు కాదని ఎర్రగడ్డ వాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. రాయలసీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. ఇక్కడ మానసిక చికిత్సాలయం ఉన్న పాపానికి సినిమాల్లోనూ బస్సుల్లోనూ మా ఊరి పేరు ఎగతాళి అయింది. గొంతెత్తి వాదించే ఆడదాని మీదికి అది మరీ తొందరగా వస్తుంది. నిద్రపట్టక, ఏడుపు ఆగక ఓపీకి రావలసిన మనిషి ఆ పేరు విని జంకి ఇంట్లోనే ఉండిపోతే, 'పేరే కదా' అన్నవాళ్లు ఏం జవాబు చెబుతారు? మగవాళ్ల లెక్క వేరు. 'ఇడియట్' (2002), 'పోకిరి' (2006), 'లోఫర్' (2015)... హీరోకి తగిలిస్తే తిట్లు కూడా బిరుదులే.

సరే, జూన్ 4న కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆ వీడియోలు తీసెయ్యమని ట్విట్టర్‌నీ యూట్యూబ్‌నీ ఆదేశించింది. మంచిదే. కానీ చూపిన కారణం సభ్యత, నైతికత. కంపెనీ క్షమాపణ ఇంకా వింత. అన్ని అనుమతులూ తీసుకునే ప్రసారం చేశారట, ఎవరి మనోభావాలనీ గాయపరిచే ఉద్దేశం లేదట, కొందరు తప్పుగా అర్థం చేసుకున్నారట!

సభ్యత కొలబద్ద మనకి కొత్త కాదు. తమ శరీరం గురించి తామే రాసుకున్న కవయిత్రుల్ని ఒకప్పుడు ఆ కొలబద్దతోనే కొట్టారు. వాళ్ల కవిత్వాన్ని 'నీలి' అన్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చిన కాలం ఎరిగినవాళ్లు ఆ మాటలు మర్చిపోయి ఉండరు. పైట గురించి స్త్రీ రాస్తే ఉలిక్కిపడ్డ సభ్యతకి స్త్రీ భయాన్ని కొలవడం చేతకాదు. నిషేధాల కత్తి దాని చేతికే ఇస్తే ముందుగా తెగేది మన పుస్తకాలే.

కాబట్టి ఇలాంటి ప్రకటన మళ్లీ కనబడితే ఫిర్యాదులో 'మనోభావాలు' అన్న మాట రాయొద్దని మిత్రులని అడుగుతున్నాను. 'సంస్కృతి' అని అసలే వద్దు. నలుగురు మగవాళ్లు వెనక నిలబడ్డప్పుడు మనకి కలిగే భయాన్ని వాడుకుని సరుకు అమ్ముకుంటున్నారని, ఉన్నది ఉన్నట్టు రాద్దాం.