రాఖీ కట్టిన చెల్లెలు

1995 ఫిబ్రవరి 25న మధ్యప్రదేశ్‌లోని ఉదయ్‌నగర్ నుంచి ఇండోర్ వెళ్లే బస్సులో సిస్టర్ రాణి మరియను అందరూ చూస్తుండగానే పొడిచి చంపారు. ఒంటి మీద యాభైకి పైగా గాయాలు. కేరళలోని పుల్లువళి ఆమె సొంతూరు. ఉదయ్‌నగర్ ప్రాంతపు ఆదివాసులకు బ్యాంకు అప్పులు ఎలా తీసుకోవాలో, నాలుగు రూపాయలు ఎలా దాచుకోవాలో నేర్పి, షావుకార్ల వడ్డీల నుంచి బయటపడే దారి చూపించింది. అది గిట్టనివాళ్లు సమందర్ సింగ్ అనే యువకుణ్ణి ఉసిగొల్పారు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

ఏడేళ్ల తరవాత, 2002లో, రాణి మరియ సొంత చెల్లెలు సిస్టర్ సెల్మీ పాల్ ఇండోర్ జైలుకు వెళ్లి సమందర్ చేతికి రాఖీ కట్టింది. తరవాత కన్నతల్లి ఎలీశ్వా కూడా అతన్ని కలిసి, తన బిడ్డను పొడిచిన ఆ చేతులనే ముద్దుపెట్టుకుంది. అతన్ని విడుదల చేయమని ఆ కుటుంబమే కోరింది. 2006లో అతను బయటికొచ్చాడు. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించిన సభలో అతనూ ఉన్నాడు.

ఇలాంటివి విన్నప్పుడు ‘వాళ్లు దేవతలమ్మా, మనవల్ల అవుతుందా’ అని చేతులు జోడించి తప్పుకుంటాం. కానీ ఆ ఏడేళ్లను మరిచిపోకూడదు. అన్నాళ్లూ ఆ ఇంట్లో ఏడుపు ఉంది, ప్రార్థన ఉంది. అటు జైల్లో సమందర్ తనను ఈ పాపంలోకి దింపినవాళ్ల మీద పగతో రగిలిపోతుంటే, స్వామి సదానంద్ అనే ఫాదర్ ఓపిగ్గా వెళ్లి అతనితో మాట్లాడుతూ వచ్చాడు. రాఖీ కట్టడానికి ముందు ఇంత నడిచింది.

కొండమీది ప్రసంగంలో యేసు శత్రువును ప్రేమించమన్నాడు, హింసించేవారి కోసం ప్రార్థించమన్నాడు. రోమీయులకు రాసిన ఉత్తరంలో పౌలు, శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమన్నాడు. అతని మీద ఇష్టం పుట్టేదాకా ఆగమని ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. అన్నం పెట్టడం, ప్రార్థించడం మనసు ఇంకా మండుతుండగా కూడా చేయగల పనులు. చేస్తూ ఉంటే మనసు ఆలస్యంగానైనా వెనకాలే వస్తుంది. రాకపోయినా ఆకలిగొన్నవాడి కడుపైతే నిండుతుంది.

ఒక జాగ్రత్త కూడా అవసరం. క్షమించే హక్కు దెబ్బతిన్నవారిదే. పెద్దమనుషులు కూర్చుని బలహీనుణ్ణి ‘పోనీలే, కేసు వాపసు తీసుకో’ అని ఒత్తిడి చేయడానికీ దీనికీ పోలికే లేదు. సమందర్ విషయంలో కోర్టు తన పని తాను చేసింది, అతను ఏళ్ల తరబడి జైల్లో గడిపాడు. సెల్మీని రాఖీ కట్టమని బలవంతపెట్టినవారు ఎవరూ లేరు. రాణి మరియ అయితే షావుకార్లతో సర్దుకుపోలేదు. సర్దుకుపోయి ఉంటే బతికేదేమో.

మనలో చాలామందికి ఇంత పెద్ద శత్రువులు ఉండరు. గట్టు జరిపిన అన్నయ్య, వాటా దగ్గర మాట తప్పిన బావగారు, పార్కింగ్ దగ్గర నోరు పారేసుకున్న పక్క ఫ్లాటాయన. గట్టు మీద కేసు కోర్టులో నడవనివ్వండి, అది న్యాయం. పెళ్లి శుభలేఖ మాత్రం ఆ ఇంటికీ వెళ్లాలి. వాళ్లింట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చారని తెలిస్తే క్యారియర్ పట్టుకుని ముందుగా వెళ్లేది మనమే కావాలి. వాళ్లు తలుపు తీయకపోవచ్చు, మొహం తిప్పుకోవచ్చు. అవతలివాళ్లు మారతారన్న హామీ క్రీస్తు ఎక్కడా ఇవ్వలేదు. మేలు చేయడం మాత్రం మన వంతుకు వదిలేశాడు.