స్పీకరు చిరగలేదు, పిల్లకాయల్ని ఆపకండి



పోయిన ఆదివారం మన హాల్లో జరిగింది మీకు తెలుసు. సంక్రాంతి కార్యక్రమానికి పిల్లకాయలు బ్యాండు ప్రాక్టీసు చేస్తుంటే బేస్ గిటారు గరగరమంది. స్పీకరు చిరిగిందని పెద్దాయన ఒకరు పరుగున పోయి మెయిన్ స్విచ్ ఆపేశారు. ఇక హాలు వాళ్ళకు ఇవ్వకూడదని ఇప్పుడు కమిటీలో మాట నడుస్తోంది. వెనక బెంచీ మీద కూర్చునే మేము, రైల్వేలో రిటైరైనవాళ్ళం, దీనికి ఒప్పుకోము. మా చదువంతా తమిళంలో, తెలుగు ఇంట్లో నేర్చింది. తప్పులుంటే మన్నించండి.

ఆ శబ్దం పేరు ఫజ్. 1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ పాడిన డోంట్ వర్రీ అనే పాట వచ్చింది. నాష్‌విల్‌లో దాని రికార్డింగప్పుడు గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తుంటే, మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానెల్ చెడి శబ్దం గరగరమంది. తీసేయకుండా ఉంచారు, పాట పెద్ద హిట్టయింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిన శబ్దాన్నే కావాలని పుట్టించే సర్క్యూట్ కట్టాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మింది. 1965లో బీటిల్స్ వాళ్ళ థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్ పాటలో మామూలు బేస్ ఒకటి, ఫజ్ బేస్ ఒకటి, రెండూ వినిపిస్తాయి. తరువాత సైకెడెలిక్ రాక్‌కు ఈ గరగరే గుర్తయింది.

నాబ్ మొత్తం తిప్పేస్తే వచ్చేది కాదు ఇది. ముందు కంప్రెసర్ పెట్టాలి. గట్టిగా మీటిన స్వరాన్ని అది అణచుతుంది. ఆపైన మొత్తం పెంచితే మెల్లగా మీటింది కూడా అదే మట్టానికి వస్తుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. దాని తరువాత ఫజ్. అది శబ్ద తరంగం తల కోసేస్తుంది, అందువల్లే గరగర. కానీ గిటారు కోసం చేసిన ఫజ్ పెట్టెలు చాలావరకు కింది శబ్దాన్ని తినేస్తాయి. బేస్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అది పోతే ఇంక బేసే లేదు. అందుకని సిగ్నల్‌ను రెండు దారులు చేసి, ఒకటి శుభ్రంగా వదిలి, ఇంకొకటి ఫజ్‌లో పంపి, చివర కలపాలి. ఒక్కో స్వరమే మీటాలి, రెండు తీగలు కలిపి మీటితే అంతా బురద. కంప్రెషన్ ఎక్కువైతే చేయి ఆపగానే బుస్సుమంటుంది. ఆ నాలుగు స్వరాలనే పిల్లకాయలు గంటసేపు వాయించింది ఇందుకే. మనకు విసుగు, వాళ్ళకు సాధన.

పెద్దాయన భయంలోనూ న్యాయముంది. మన హాలు స్పీకర్లు ప్రసంగాలకు పెట్టినవి, వాటిలో ఈ బేస్ పెడితే నిజంగానే చిరగవచ్చు. కాబట్టి బేస్ ఆంప్లిఫయర్ వాళ్ళే తెచ్చుకోవాలి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా, కిటికీలు మూసి, వాల్యూం తగ్గించి వాయించాలి. కంప్రెసర్ ఉంటే తక్కువ వాల్యూంలోనూ శబ్దం నిండుగానే ఉంటుంది. ఇంతకు మించి అడ్డు పెట్టకూడదు.

వాళ్ళు ఎత్తుకున్నది మన అవ్వలు పాడిన గొబ్బిపాట. తెలుగు తరగతికి రండ్రా అంటే ముగ్గురు వచ్చారు. ఈ పాటకు పదకొండుమంది, పిలవకుండానే వచ్చారు.

ఆంధ్రా చుట్టాలు పెళ్ళిళ్ళకు వచ్చి, మన తెలుగు చెడిపోయిందని నవ్వుతారు. తమిళం కలిసింది నిజమే, కింద అమ్మ మాట అట్లాగే ఉంది అని మనం వాళ్ళకు జవాబు చెబుతాము. పిల్లకాయల బేస్‌లోనూ గరగర కింద శుభ్రమైన స్వరం ఉంది. మన మాటకు అడిగే న్యాయం వాళ్ళ పాటకు ఇవ్వలేమా?

కమిటీ కూర్చునేలోపల మీ మాట కింద రాయండి. ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పక రాయండి.