కిటికీలో సముద్రం

శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల దగ్గర జాతీయ రహదారి దిగి బుడగట్లపాలెం వైపు వెళ్తే, ఊరు కనిపించకముందే ఉప్పుగాలి ముఖానికి తగులుతుంది. అక్కడి పాత ఇళ్లేవీ సముద్రాన్ని చూస్తూ కూర్చోవడానికి కట్టుకున్నట్టు అనిపించవు. ఎండ పడకుండా, గాలికి పైకప్పు లేవకుండా, ఇసుక ఇంట్లోకి కొట్టకుండా ఎలా కట్టుకోవాలో అలా కట్టుకున్నారు.

ఆ తీరంలో సముద్రం చూసే వస్తువు కాదు, పని చేసే చోటు. వేటకెళ్లిన మనిషి కోసం ఎదురుచూసే చోటు. తుపాను కబురు వస్తే పిల్లల్ని తీసుకుని దూరంగా జరగాల్సిన చోటు. 2014లో హుద్‌హుద్‌నూ, 2018లో తిత్లీనీ చూసినవాళ్లకు అలల ఎదుట అద్దాల గోడ పెట్టుకోవాలన్న కోరిక పుట్టడం కష్టమే.

ఆ తీరంలోనే పుట్టిన కొందరు ఇప్పుడు దుబాయ్‌లో సముద్రం కనిపించే ఫ్లాటు కొనుక్కుంటున్నారు. మన ఉత్తరాంధ్ర నుంచి గల్ఫ్‌కు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల వెనకాలే చదువుకుని, కంపెనీల్లో ఉద్యోగాలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. కొనగలిగేది వీళ్లలో ఏ కొద్దిమందో. కానీ ఆ కొద్దిమంది గురించి ఊళ్లో చెప్పుకునేటప్పుడు గొంతులో ఒక సంబరం ఉంటుంది. మనవాడు సముద్రం పక్కన ఇల్లు కొన్నాడట!

2002లో దుబాయ్ పాలకులు విదేశీయులు కూడా ఇళ్లు సొంతంగా కొనుక్కోవచ్చన్నారు. అప్పటికే అక్కడ ఖర్జూరపు చెట్టు ఆకారంలో పామ్ జుమేరా దీవి లేస్తోంది. చుట్టూ ఎడారే ఉన్నా, ఆ ఎడారి ఇసుక దీవి కట్టడానికి పనికి రాలేదు. గాలికి అరిగి అరిగి మరీ నునుపెక్కిన ఇసుక అది, నీళ్లలో నిలవదు. సముద్రం అడుగునుంచే ఇసుక తోడి పోశారు. అలా పోసిన ఇసుక మీద ఇప్పుడు వేలమంది కాపురాలు చేస్తున్నారు. ఆ నగరం కట్టిన చేతుల్లో తెలుగు చేతులెన్నో ఉన్నాయి.

అలా ఇల్లు కొన్న కుర్రాడొకడు వాళ్లమ్మను తీసుకెళ్లి బాల్కనీలో నిలబెట్టాడట. ఆవిడ కాసేపు చూసి, "సంద్రాన్ని సూడ్డానికి ఇంత డబ్బెట్టాలేటి నాయినా? మనూర్లో ఊరికే ఉంది కదా" అందట. విన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆవిడ అన్న మాటా నిజమే, కొడుకు కొన్నదీ సబబే అనిపించింది.

ఎందుకంటే ఆ కుర్రాడు కొన్నది సముద్రాన్ని మాత్రమే కాదు. గల్ఫ్‌లో బతుకు వీసా మీద ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కొద్ది నెలల్లో సామాను సర్దుకోవాల్సిందే. ఇరవయ్యేళ్లు ఉన్నా అద్దె ఇల్లు అద్దె ఇల్లే. ఇప్పుడక్కడ ఇరవై లక్షల దిర్హాములు ఆస్తిలో పెట్టినవాళ్లకు పదేళ్ల వీసా ఇస్తున్నారు. ఎవరూ లెమ్మనని చోట కాసేపు కూర్చోవాలన్న కోరికను దర్జా అని ఎలా అంటాం? తండ్రి పదిమందితో కలిసి ఇరుకు గదిలో ఇనుప మంచాల మీద పడుకుని డబ్బు పంపిస్తే చదువుకున్న కొడుకుకు, అదే దేశంలో గాలి ధారాళంగా వచ్చే గది కావాలనిపించడంలో ఆశ్చర్యమేముంది!

అసలు ఈ తీరం వాళ్లకు పరాయి సముద్రం ఎప్పుడు విశ్రాంతినిచ్చింది కనుక! 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఏడాదికి పైగా వాళ్ల ఇళ్లలో దీపం పెట్టిన ప్రతి సాయంత్రం ఎలా గడిచిందో ఇక్కడివాళ్లకు తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే మారిషస్ ఉంది. చెరకు తోటల్లో పనికి 1834 నుంచి ఓడల మీద భారతీయుల్ని తీసుకెళ్లారు. కోరంగి నుంచి, విశాఖ నుంచి, మద్రాసు నుంచి తెలుగువాళ్లూ ఎక్కారు. వాళ్లలో మన కళింగ సీమ పల్లెలవాళ్లు చాలామంది. పోర్ట్ లూయిస్ రేవులో దిగగానే మనిషికొక నంబరు. చేతిలో ఒక ఒప్పందం కాగితం, ఉండటానికి తోట యజమాని చూపించిన పాక. దీవి చుట్టూ సముద్రమే అయినా, పొద్దు పొడిచింది మొదలు వాళ్లు చూసింది చెరకునే.

తమకు ఒక్క గజం సొంతం కాని ఆ నేల మీద వాళ్లు సింహాద్రి అప్పన్నను నిలుపుకున్నారు, అమ్మోరి పండగ చేసుకున్నారు. మాట ఫ్రెంచిలోకి, క్రియోల్‌లోకి జారిపోతున్నా రామభజనలు వదల్లేదు. ఈనాడు ఉగాది ఆ దేశంలో సెలవు దినం. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఆ వంశాల్లో పుట్టి ఫ్రెంచిలో రాస్తున్న నతాషా అప్పన్న తన ముందుతరాలు తెలుగు నేల నుంచి ఎలా వచ్చాయో తలుచుకుంటూ 2023లో ఒక పుస్తకమే రాశారు.

తర్వాత పంచదార ధర పడిపోయింది. యూరప్ ప్రత్యేకంగా ఇస్తూ వచ్చిన ధర 2006 తర్వాత తగ్గడంతో తోటల యజమానులు వేరే దారి వెతుక్కున్నారు. ఒకప్పటి చెరకు చేలల్లో కొన్ని ఇప్పుడు విదేశీయుల కోసం కట్టిన విల్లాలయ్యాయి. 3,75,000 డాలర్ల ఇల్లు కొంటే ఆ దేశంలో ఉండటానికి అనుమతి కూడా దొరికే ఏర్పాటు చేశారు. అలాంటి ఇంటి తాళంచెవి రేపు మన హైదరాబాదు, విశాఖల వాళ్లూ అందుకోవచ్చు. ఆ గోడ కింద నేలను ఎవరి చేతులు ఎన్నేళ్లు తవ్వాయో విల్లా కాగితాల్లో ఉండదు.

దూరాన కొన్న ఇంటికి ఒక దిగులు కూడా ఉంటుంది. ఏడాదిలో చాలా రోజులు తాళం పడే ఉంటుంది. ఉప్పుగాలికి గొళ్లేలు తుప్పు పడతాయి. సెలవులకు వెళ్లిన వారం రోజులూ దులుపుకోవడంతో సరిపోతుంది. పక్కింట్లో ఎవరున్నారో తెలియకుండానే తిరుగు విమానం ఎక్కేస్తాం. పిలిస్తే పలికే మనిషి పక్కన లేకపోతే ఎంత పెద్ద కిటికీ అయినా ఏం చేసుకుంటాం?

మారిషస్‌లో ఒక మంచి అలవాటుంది. అక్కడ ఇసుక తిన్నెలు అందరివీ. ఆదివారం వస్తే కుటుంబాలు గిన్నెల నిండా బిర్యానీ వండుకుని, తీరం పొడుగునా ఉన్న సరుగుడు చెట్ల కింద చాపలు పరుచుకుంటాయి. అచ్చం మన తీరంలోని సరుగుడులాంటిదే. అక్కడ ఇల్లు కొనే మనవాళ్లు ఆ రోజు బాల్కనీ దిగి వెళ్లి, ఆ చాపల పక్కన కాసేపు కూర్చుంటే బాగుండుననిపిస్తుంది.

ఎందుకంటే ఆ చాపల మీద కూర్చునే తెలుగు వంశాలవాళ్లలో కొందరు తాత ముత్తాతల ఊరు వెతుక్కుంటున్నారు. మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస రికార్డులున్నాయి. కొందరి కాగితాల్లో జిల్లా పేరు గంజాం అని కనిపిస్తుంది. అది పట్టుకుని ఒడిశాలో వెతికితే మన పల్లె దొరకదు. ఈ చికాకోల్ తాలూకా 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేదనీ, ఆ చికాకోలే నేటి శ్రీకాకుళమనీ వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. ఆ పల్లెకు ఏ రోడ్డున వెళ్లాలో, ఏ మలుపులో దిగాలో, అక్కడ ఎవరిని అడగాలో చెప్పేవాళ్లు కావాలి.