తొట్లకొండ మనది కాదా?

ఈద్ మరుసటి రోజు మన ఖాందాన్‌లు ఎక్కడికి వెళ్తాయి? ఆర్కే బీచ్, కైలాసగిరి, లేదంటే పోర్టు దగ్గర దర్గా కొండకు జియారత్. తొట్లకొండ పేరెత్తితే మాత్రం "అది బౌద్ధులది, ఖండహర్, అక్కడ మనకేం పని?" అంటారు. ఈ మాటతో నాకు ఇత్తెఫాక్ లేదు.

భీమిలి వెళ్లే దారిలో, సముద్రం పక్కనే ఉన్న ఈ కొండ మీద రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువుల ఆరామం ఉండేది. మన ఖాన్‌ఖాల్లాగే అక్కడ తాలీమూ, ఇబాదతూ సాగేవి. వానాకాలంలో భిక్షువులు సఫర్ మానేసి ఇలాంటి చోటే ఉండిపోయేవాళ్లు. నీళ్ల కోసం బండను తొలిచి తొట్లు చేసుకున్నారు. కొండకు ఆ పేరు అందుకే వచ్చింది. 1988లో మొదలైన తవ్వకాల్లో స్తూపాలు, గదులు, వంటశాల, భోజనశాల పునాదులు బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ల వెండి నాణేలూ దొరికాయి. అంటే 1933లో మన పోర్టు తెరవడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే ఈ తీరానికి దూరదేశాల తిజారత్‌తో సంబంధం ఉందన్నమాట.

అక్కడికి పూజకు వెళ్లమనడం లేదు. చూసి ఇబ్రత్ తీసుకోమంటున్నా. భూమ్మీద తిరిగి ముందు తరాలవాళ్లు ఏమయ్యారో చూడమని ఖురాన్ మళ్లీ మళ్లీ చెబుతుంది కదా! దునియా ఫానీ అని జుమ్మా బయాన్‌లో వందసార్లు విన్న పిల్లలకు, ఆ భోజనశాల మొండి గోడల మధ్య ఒక్కసారి నిలబడితే సంగతి అర్థమవుతుంది.

ఇంకో మాట. "మీరు ఎక్కడి నుంచో వచ్చారు" అని ఎవరైనా మన పిల్లల్ని అంటే దిల్‌కి తగులుతుంది. ఈ మట్టి మాదేనని జవాబిస్తాం. మరి ఈ మట్టి తారీఖ్‌లో ఇంత భాగం మాది, మిగతాది మాకెందుకు అని మనమే అంటే, ఆ జవాబులో దమ్ము ఎక్కడుంటుంది?

2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపం కొంత కూలింది. పట్టించుకునే జనం లేని నిషానీకి వాన ఒక్కటే దుష్మన్ కాదు, మనుషులూ పాడుచేస్తారు. మన పాత మస్జిద్‌లు, ఖబ్రస్తాన్‌లు కాపాడమని హుకూమత్‌ని అడిగే మనం, వేరే మజ్‌హబ్‌వాళ్ల నిషానీలనూ అమానత్‌గానే చూడాలి.

వచ్చే సెలవుకు బచ్చాలను తీసుకెళ్లండి. ఎండ ముదరకముందే, పొద్దున్నే బయల్దేరండి. స్తూపాల ఇటుకల మీద ఎక్కనివ్వకండి, రాళ్ల మీద పేర్లు చెక్కనివ్వకండి. బిర్యానీ డబ్బా పట్టుకెళ్తే, ఖాళీ డబ్బా మీతోనే వెనక్కి తెచ్చుకోండి.