“అయితే పోరంబోకా?” అన్నాడు నాన్న

పోయిన వారం కాలమ్ ఏమైందని చాలామంది అడిగారు. కారణం సింపుల్. సిగ్నల్ లేదు. లేబర్ డే సెలవుకి ఇంకో లీవ్ తగిలించి, నేనూ మా రూమ్మేటూ శాన్ హోసే నుంచి కారేసుకుని నెవాడా రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళొచ్చాం.

నెవాడా అనగానే మనవాళ్ళకి వేగాస్ ఒక్కటే గుర్తొస్తుంది. కానీ ఆ రాష్ట్రంలో దాదాపు 80 శాతం నేల ఫెడరల్ ప్రభుత్వానిది. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. అందులో సుమారు 4.8 కోట్ల ఎకరాలు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. అంటే మన ఆంధ్రప్రదేశ్ మొత్తం కంటే ఎక్కువన్నమాట. గేటు లేదు, టికెట్ లేదు. ఎక్కువచోట్ల టెంట్ వేసుకుని 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు.

మేం పట్టుకున్న రోడ్డు యూఎస్ 50. 1986లో ‘లైఫ్’ పత్రిక దీన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అంది. తిట్టు కాస్తా తర్వాత ఆ రోడ్డుకి టూరిస్టు బ్రాండ్ అయిపోయింది. ఫాలన్ దాటితే ఆస్టిన్ అనే చిన్న ఊరు వచ్చేదాకా 110 మైళ్ళు. ఒక కొండల వరస ఎక్కుతాం, దిగుతాం. ఎదురుగా లోయ, దానికి అడ్డంగా మళ్ళీ కొండల వరస. లోయలో రోడ్డు గీత గీసినట్టు నిటారుగా ఉంటుంది. పది నిమిషాలకో కారు ఎదురొస్తే అవతలివాడు చెయ్యి ఊపుతాడు. రెండో గంటకి మేమూ ఊపడం మొదలెట్టాం.

ఆస్టిన్ దాటాక ఒక మట్టి రోడ్డులోకి దిగి, అంతకుముందు ఎవరో టెంట్ వేసిన జాగాలోనే మేమూ వేశాం. చిన్న స్టవ్ మీద ఉప్మా, పక్కన ఆవకాయ. చీకటి పడుతుండగా దూరంగా ఒక పికప్ ట్రక్కు లైట్లు కనిపించాయి. నిజం చెప్తున్నా, నాకు గుండె జారింది. వీసా మీద బతికేవాళ్ళకి ఇది తెలుసు. రూల్స్ చదువుకునే వచ్చా, తప్పేం చేయలేదు. అయినా చెయ్యి గ్లోవ్ బాక్స్‌లోని పాస్‌పోర్ట్ వైపు పోయింది. ట్రక్కు ఆగింది. పెద్దాయన అద్దం దించి, “నీళ్ళు సరిపడా ఉన్నాయా?” అని అడిగాడు. ఉన్నాయన్నాం. సరేనని వెళ్ళిపోయాడు. అంతే. ఆ రాత్రి పాలపుంతని మొదటిసారి సరిగ్గా చూశా.

పొద్దున యురేకా ఊరు దగ్గరికి రాగానే ఫోన్‌కి ప్రాణం వచ్చింది. ఇంటికి వీడియో కాల్ చేశా. అక్కడ రాత్రి, నాన్న భోజనం చేసి అరుగు మీద కూర్చున్నాడు. కెమెరా చుట్టూ తిప్పి చూపించా. మొదటి ప్రశ్న ఏంటో ఊహించండి.

“ఎకరం ఎంత ఉంటుందిరా అక్కడ?”

“అమ్మరు నాన్నా. ఇది గవర్నమెంటుది.”

“అయితే పోరంబోకా? ఎవడో ఒకడు కంచె వేసేసి ఉండాలే!”

నవ్వా. తర్వాత ఆయన అడిగింది మాత్రం నేను అనుకోలేదు. “మట్టి ఎట్లా ఉంది?” ఒక గుప్పెడు తీసి కెమెరా ముందు పెట్టా. తెల్లటి దుమ్ము, గులకరాళ్ళు. వాన దాదాపు పడదని చెప్పా. “అందుకే మిగిలిందిరా,” అన్నాడు.

తర్వాత చదివితే తేలింది, ఆయన ఒక్క ముక్కలో చెప్పింది వందేళ్ళ చరిత్ర. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు సాగు చేసుకుంటే సొంతమయ్యేది. నీళ్ళున్న నేలలు అట్లా పోయాయి. అమెరికాలో అతి తక్కువ వాన పడే రాష్ట్రం నెవాడా, ఇక్కడ ఎవరూ అడగనిదే మిగిలింది. 1976లో చట్టం చేసి, ఈ భూములు ఇక సాధారణంగా ప్రజలవిగానే ఉంచాలన్నారు. అయినా 2025లో పడమటి రాష్ట్రాల్లో కొంత అమ్మేయాలని సెనేట్‌లో ప్రతిపాదన వచ్చింది. గొడవ చేసింది వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, ట్రెక్కింగ్ వాళ్ళు. పార్టీలతో సంబంధం లేకుండా ఎదురు తిరిగారు, వెనక్కి తీసుకున్నారు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ నేల ముందు వెస్టర్న్ షోషోనీలది. 1863 ఒప్పందంలో తాము భూమి వదులుకోలేదని వాళ్ళు ఇప్పటికీ అంటారు. “ఎవరిదీ కాదు” అనడం అంత తేలిక కాదు.

ఆ సాయంత్రం గ్రేట్ బేసిన్ చేరాం. ఎంట్రీ ఫీజు లేదు. 13,063 అడుగుల వీలర్ పీక్ కింద బ్రిస్టిల్‌కోన్ పైన్ చెట్లున్నాయి, వేల ఏళ్ళవి. ఇది పార్క్ కాకముందు, 1964లో, పరిశోధన కోసం పర్మిషన్ తీసుకునే ఒక చెట్టు కొట్టారు. ఉంగరాలు లెక్కపెడితే దాదాపు 4,900 ఏళ్ళు. ఆ చెట్లు కూడా మంచి మట్టిలో కాదు, రాళ్ళలోనే పెరుగుతాయి.

మీరు వెళ్తే: ప్రతి ఊళ్ళో ట్యాంక్ నింపండి, సగం ఉన్నా సరే. ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్ళు, స్పేర్ టైరు తప్పనిసరి. మంట వేసేముందు ఆ రోజు అనుమతి ఉందో చూసుకోండి. చెత్త వెనక్కి తెచ్చేయండి.

చివరిగా ఒకటి. 2019లో నా ఎమ్మెస్ కోసం నాన్న ఎకరంన్నర అమ్మాడు. నల్లరేగడి. కొన్నాయన చుట్టూ కంచె వేశాడు. అప్పట్నుంచి నాన్న ఆ డొంకన వెళ్ళడు. ఆ విషయం మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు ఫోన్ పెట్టేముందు ఆయనే అన్నాడు: “మనది మంచి నేలరా. అందుకే అంత తొందరగా అమ్ముడుపోయింది.” నాకు ఏమనాలో తెలియలేదు. ఆయనే మళ్ళీ, “ఈసారి నేనొస్తే ఆ మాల్స్ అవీ వద్దులే. అక్కడికి తీసుకెళ్ళు,” అన్నాడు.

ఆయన వీసా స్లాట్ కోసం రోజూ చూస్తున్నా.