కాస్త గబగబా చదవవూ!

మంగళగిరిలో బెజవాడ బస్సెక్కితే, పక్క సీట్లో చూపులేని కుర్రాడి ఫోను గడగడా ఏదో వాగేస్తుంటుంది. ఏ భాషో కూడా అంతుపట్టదు. ఫోను చెడిపోయిందేమో అనుకుంటారు ఎవరైనా. చెడిపోలేదు. ఆ అబ్బాయి పేపరు చదువుకుంటున్నాడు, అంతే!

కళ్లున్నవాళ్లు హెడ్డింగు చూసి, నచ్చకపోతే పేజీ తిప్పేస్తారు. చెవికి అంత వెసులుబాటు లేదు. హెడ్డింగులైనా ఒకదాని తర్వాత ఒకటి వినాల్సిందే. బందరు ప్రాంతంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఇంటర్ సైన్సు పాఠాలు ఆడియోలో విని చదివి, 98 శాతం మార్కులతో పాసై, అమెరికాలోని ఎంఐటీ దాకా వెళ్లారు. అన్ని పుస్తకాలూ మామూలు వేగంతో వినాలంటే ఎన్ని గంటలు కావాలో మీరే లెక్కేసుకోండి.

ఇంగ్లిషు మాట్లాడేవారు నిమిషానికి సుమారు 150 మాటలు చెబుతారు. అలవాటుపడిన చూపులేనివారు 400 కూడా అవలీలగా అందుకుంటారు. అలా వినేటప్పుడు కొందరి మెదడులో చూపు కోసం ఉన్న భాగం కూడా పనిచేస్తోందని జర్మనీ పరిశోధకులు స్కానింగులో గమనించారు.

వేగం అంటే టేపును గిర్రున తిప్పడం కాదు. అలా తిప్పితే గొంతు కీచుమంటుంది. 2010లో బిల్ కాక్స్ అనే ఇంజినీరు దీనికి విరుగుడుగా, ముఖ్యంగా చూపులేనివారి కోసమే, ‘సోనిక్’ అనే ప్రోగ్రాం రాసి ఉచితంగా ఇచ్చేశారు. దాని కిటుకు చీర అంచు చూస్తే తెలుస్తుంది. అంచు పొడుగునా ఒకే గుర్తు వరసగా వస్తుంది కదా. రెంటికొకటి తీసేసి, అతుకు కనపడకుండా కలిపితే అంచు పొట్టిదవుతుంది, గుర్తు మారదు. గొంతులోంచి వచ్చే అలలూ ఒకదాని వెంట ఒకటి దాదాపు ఒకేలా ఉంటాయి. కొన్నిటిని కలిపేస్తే మాట పొట్టిదవుతుంది, గొంతు మారదు.

తెలుగుతో ఇంకో చిక్కుంది. ఒత్తు జారితే ‘కల్ల’ కాస్తా ‘కల’ అయిపోతుంది. దీర్ఘం కుదిస్తే ‘పాలు’ ‘పలు’ అవుతుంది. అందుకే ఎంత పరుగెత్తినా అక్షరం ముద్దకాని గొంతు కావాలి. తెలుగూ చదివే ‘ఈస్పీక్’ అలాంటిదే. ప్రధానంగా లెక్కలతో పుట్టించిన ధ్వని అది, రేకుడబ్బాలా మోగుతుంది. కానీ వేగం పెంచినా మాట చెదరదు. 450 దాటాక దాన్ని ఇంకా పరుగెత్తించేది సోనిక్కే.

ఇంట్లోవాళ్లకు అది నచ్చదు. ‘పాపం, ఈ రేకు గొంతేంటి’ అని తియ్యని గొంతు పెట్టి, వేగం తగ్గించి మరీ ఫోను చేతికిస్తారు. పాత గొంతు మళ్లీ పెట్టుకునేదాకా ఆ నిదానపు గొంతు చెప్పేదంతా పిల్లాడు ఓపిగ్గా వినాలి!